స్కిప్పర్ గురించి సభలో ఏం చెప్పాలి?

ప్రశ్న: నాకు 67 ఏళ్ళు, సికింద్రాబాద్‌లో ఉంటాను, గుమస్తాగా చేసి రిటైరయ్యాను. హుస్సేన్ సాగర్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా నాతో ఒకే ఎంటర్‌ప్రైజ్ పడవలో సెయిలింగ్ చేసిన స్నేహితుడు పోయిన నెల గుండెపోటుతో పోయాడు. అందరూ ఆయన్ని స్కిప్పర్ అనేవాళ్ళు. 1988లో నన్ను క్లబ్బులో చేర్పించింది ఆయనే. గుమస్తాకి ఇక్కడేం పని అని కమిటీలో కొందరు గొణిగితే కొట్లాడి మరీ చేర్పించాడు. ఆ తర్వాత ఆ మాట పదిమందిలో అంటూనే ఉన్నాడు, 'నేను లేకపోతే నువ్వు ఇప్పటికీ ట్యాంక్‌బండ్ గట్టు మీద బఠాణీలు తింటూ చూస్తుండేవాడివి' అని. 2009లో కూతురి పెళ్ళని రెండు లక్షలు అడిగితే మా ఆవిడ నగలు బ్యాంకులో పెట్టి ఇచ్చాను. తిరిగి రాలేదు, నగలు విడిపించుకోవడానికి మాకు మూడేళ్ళు పట్టింది. పెళ్ళయిన ఆరు నెలలకి పడవకి మాత్రం కొత్త తెరచాపలు వచ్చాయి. 2016లో ఒక రేసులో మా పడవ బోయాకి, అంటే మలుపు దగ్గర నీళ్ళలో తేలే గుర్తుకి, తగిలింది. తగల్లేదని విచారణలో చెప్పమన్నాడు, నేను తగిలిందన్నాను. దాదాపు రెండేళ్ళు మాటల్లేవు. 2018 మే నెలలో ఒకరోజు ఫోన్ చేసి 'టీవీ పెట్టు, మన అమ్మాయిలు గోవా చేరిపోయారు' అన్నాడు. అంతే, మళ్ళీ ఆదివారాలు మొదలయ్యాయి. ఇప్పుడు క్లబ్బులో సంస్మరణ సభ, నన్ను మాట్లాడమన్నారు. ఆయన పేరుతో క్రీడాస్ఫూర్తి ట్రోఫీ పెడతారట. వాళ్ళబ్బాయి పడవ నాకే ఇస్తానంటున్నాడు, అప్పు సంగతి అతనికి తెలియదు. మా ఆవిడేమో 'ఆ మనిషిని పొగిడితే నేను ఊరుకోను' అంటోంది. నాకు ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది. ఏం చెయ్యాలి?

జవాబు:

సార్, కోపం దగ్గర్నుంచే మొదలుపెడదాం. మీరు దాన్ని ఉత్తరం చివర్లో, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు చిన్నగా చెప్పారు. మనిషి పోయి నెల తిరక్కముందే కోపమేంటని మీకే మీ మీద చిరాకుగా ఉన్నట్టుంది. చచ్చినవాడి కళ్ళు చారెడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. పోయిన మర్నాటి నుంచే క్లబ్బు వాట్సాప్ గ్రూపులో అంతటి మనిషి మళ్ళీ పుట్టడని మొదలై ఉంటుంది, ఏడాదికి ఒకసారి జెండా ఎగరేసే రోజున తప్ప ఆయన్ని చూడనివాళ్ళు కూడా దండం బొమ్మలు పెట్టి ఉంటారు. అసలు కళ్ళు ఎంతుండేవో గుర్తున్నది మీ ఒక్కరికే. అవన్నీ చదువుతూ కూర్చుంటే కోపం రాక ఇంకేం వస్తుంది?

ఇంకొకటి కూడా ఉంది. బంధువు పోతే మన దగ్గర అన్నిటికీ లెక్కలున్నాయి, మైల ఎన్నాళ్ళు, పెద్దకర్మ ఎప్పుడు, మాసికం ఎప్పుడు, ఎవరు ఎవరింటికి వెళ్ళకూడదు అని. ముఖం కూడా తెలియని దాయాది పోయినా ఆ పదిరోజులూ గుడి మెట్టెక్కం. ముప్ఫై ఏళ్ళు వారం వారం మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్న స్నేహితుడు పోతే మాత్రం, మధ్యాహ్నం శ్మశానం నుంచి వచ్చి తలస్నానం చేసి, సాయంత్రానికి సంచి పట్టుకుని కూరగాయలకి వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. మిమ్మల్ని పరామర్శించడానికి మీ ఇంటికి ఎవరూ రారు. ఎవరో ఒకరు వచ్చి కూర్చుని 'ఎలా జరిగిందండీ' అని అడిగి ఉంటే నాలుగు మంచి మాటలూ రెండు తిట్లూ కలిపి చెప్పుకుని కాస్త తేలికపడేవాళ్ళు. అది జరగలేదు కాబట్టి నాకు రాశారు, మంచిపని చేశారు.

సెయిలింగ్ తెలియని పాఠకుల కోసం ఆ పడవ సంగతి కొంచెం చెప్పాలి, అది తెలియకపోతే మీ స్నేహం వాళ్ళకి అర్థం కాదు. ఎంటర్‌ప్రైజ్ అంటే నాలుగు మీటర్ల పడవ, నీలం తెరచాపలు, ఇద్దరు మనుషులు. వెనక కూర్చున్నాయన చేతిలో చుక్కాని కర్ర, పెద్ద తెరచాప తాడు ఉంటాయి, ఆయన స్కిప్పర్. ముందు కూర్చునేది క్రూ. చిన్న తెరచాప అంటే జిబ్, దాని తాళ్ళు క్రూ చేతిలో. గాలి బలపడితే పాదాలు పట్టీ కింద ఇరికించి నడుము దాకా పడవ బయటికి వాలి పొట్ట కండరాలు వణికేదాకా అలాగే ఉండాలి. పడవ అడుగు నుంచి నీళ్ళలోకి దిగే పలక సెంటర్‌బోర్డు, దానికి గుర్రపుడెక్కో ప్లాస్టిక్ కవరో చుట్టుకుంటే దాన్ని పైకి లాగి విదిలించాల్సింది కూడా ఈయనే. గాలి వెనక నుంచి కొట్టేటప్పుడు మలుపు తిరిగితే పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర, అదే బూమ్, ఈ పక్కనుంచి ఆ పక్కకి ఒక్క ఊపున వస్తుంది, తల వంచడం అర క్షణం ఆలస్యమైతే కనుబొమ్మ మీద కుట్లే. పల్టీ కొట్టిందా, ఎంటర్‌ప్రైజ్ లేచినా సగం నీళ్ళతోనే లేస్తుంది, బకెట్ పెట్టి తోడాలి, హుస్సేన్ సాగర్ నీళ్ళు ఎలా ఉంటాయో ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. ఇంతా చేసి రేసు గెలిస్తే ఫొటోలో కప్పు పట్టుకునేది స్కిప్పర్.

విశాఖలో ఎన్‌సీసీ నేవల్ వింగ్ రోజుల్లో వేలర్ పడవల్లో నాదీ ముందు చోటే. ముందు కూర్చున్నవాళ్ళకి స్కిప్పర్ ముఖం కనబడదు, గొంతు వినబడుతుందంతే. 'లాగు' అనే ఒక్క మాటని ఆయన భయంతో అన్నాడా, మీ మీద విసుగుతో అన్నాడా, గెలుస్తున్నామన్న హుషారుతో అన్నాడా అన్నది మీకు వెనక్కి తిరక్కుండానే తెలిసిపోయేది. ఆ గొంతు మీకు తెలిసినంతగా వాళ్ళింట్లో వాళ్ళకి కూడా తెలిసి ఉండదు. మరి ఇన్నేళ్ళలో చుక్కాని ఒక్కసారైనా మీ చేతికి ఇచ్చాడా? ఉత్తరంలో లేదు. ఇచ్చి ఉంటే రాసేవాళ్ళే అనుకుంటున్నాను.

ఇన్ని జరిగినా ఎందుకు వెళ్ళావయ్యా అని మీ ఆవిడ అడిగే ఉంటారు. జూలైలో పడమటి గాలి లేస్తుంది కదా, హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జూలైలో పెట్టేది కూడా ఆ వానాకాలం గాలి కోసమే, ఆ గాలి నెక్లెస్ రోడ్డు వైపు నుంచి ఊపుగా కొట్టినప్పుడు పడవ ముక్కు పైకెత్తి నీళ్ళని కొయ్యడం మానేసి నీళ్ళ మీద జారడం మొదలుపెడుతుంది. ఆ కాసేపు ఇద్దరూ ఒక్క మాట అనుకోకుండా ఒకే క్షణంలో బరువు వెనక్కి జరపాలి, ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే ముక్కు నీళ్ళలో దిగబడుతుంది. అలా కుదిరే మనిషి దొరకడం చాలా కష్టం, మీకు దొరికాడు. దొరికినాయన గట్టెక్కాక అప్పులు ఎగ్గొట్టే రకం, దెప్పిపొడిచే రకం. మీరు బుద్ధి లేక వెళ్ళారని నేను అనుకోను. ఆ సుఖం చవకది కాదని మీకు తెలుసు, ధర మరీ ఎక్కువైందని కూడా తెలుసు.

ఆ తెరచాపల దగ్గర మాత్రం నేను కాసేపు ఆగిపోయాను. రెండు లక్షలూ పెళ్ళిలోనే ఖర్చయ్యాయో, కొంత మిగిలి తెరచాపలకి పోయిందో మీకు ఖాయంగా తెలియదు, అడగనూ లేదు. అడక్కుండానే ఆ జిబ్ తాడు పట్టుకుని ఏళ్ళ తరబడి నడిపారు. కొత్త గుడ్డ మడతపెట్టినప్పుడు కరకరమంటుంది చూడండి, ఆ చప్పుడు విన్న ప్రతిసారీ మీకు బ్యాంకులో ఉన్న గాజులు గుర్తొచ్చే ఉంటాయి. అదే గుడ్డతో గాలికి ఎదురు వెళ్ళేటప్పుడు పడవ ఇంకొంచెం గట్టిగా నిలబడితే సంతోషం కూడా కలిగే ఉంటుంది. రెండూ ఒకే తాడు పట్టుకున్న చేతులకే జరిగాయి. ఇందులో ఏది నిజమైన జ్ఞాపకమో తేల్చమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు సార్, మీకు మీరే అడుగుతున్నారు.

2016 సంగతికి వద్దాం. సెయిలింగ్‌లో మామూలు రేసుల్లో విజిల్ ఊదడానికి రిఫరీ ఉండడు. బోయాకి తగిలినవాడు తనంతట తనే పక్కకి తప్పుకుని పడవని ఒక చుట్టు తిప్పి మళ్ళీ రేసులో కలవాలి. ఇంకో పడవ దారికి అన్యాయంగా అడ్డొస్తే రెండు చుట్లు. ఎవరూ చూడలేదులే అని పోతే, చూసినవాడు అక్కడే 'ప్రొటెస్ట్' అని అరుస్తాడు, గట్టుకొచ్చాక కాగితం రాసిస్తాడు, సాయంత్రం గదిలో విచారణ. అర నిమిషంలో అయిపోయే ఆ ఒక్క చుట్టు తిరగడానికి మనసొప్పక మీ స్కిప్పర్ రెండేళ్ళ స్నేహం పోగొట్టుకున్నాడు. మీరు ఆయనకి ద్రోహం చేశారేమోనన్న అనుమానం ఉత్తరంలో ఎక్కడో ఉంది, పైకి రాయలేదు గానీ ఉంది. చెయ్యలేదు. ఆ ఆటలో క్రూకి కూడా కళ్ళుంటాయి, చూసింది చెప్పారు. ఆ తర్వాత ఆయన మళ్ళీ మిమ్మల్నే పడవ ఎక్కించుకున్నాడన్నది కూడా గుర్తుపెట్టుకోండి, అబద్ధం ఆడనని రుజువైన మనిషిని. ఎందుకలా చేశాడో నేను ఊహించను, పోయినవాళ్ళ మనసులో ఏముందో చెప్పే విద్య నాకు రాదు.

ఇలాంటి చోట నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 1968 నాటి గోల్డెన్ గ్లోబ్ రేసు. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టి రావాలి. తొమ్మిదిమంది బయల్దేరితే పూర్తి చేసింది రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ ఒక్కడే, 312 రోజుల తర్వాత, 1969 ఏప్రిల్‌లో, అదీ మన బొంబాయిలో టేకుతో కట్టిన సుహేలీ అనే చిన్న పడవలో. అదే రేసులో డొనాల్డ్ క్రోహర్స్ట్ అనే ఆయన అట్లాంటిక్ వదిలి వెళ్ళకుండా అక్కడక్కడే తిరుగుతూ, ప్రపంచం చుట్టేస్తున్నట్టు రేడియోలో దొంగ లెక్కలు పంపాడు. క్రోహర్స్ట్ తనని దాటేస్తాడని భయపడి నైజెల్ టెట్లీ అప్పటికే దెబ్బతిన్న తన పడవని తొందరపెట్టాడు, ఇల్లు దగ్గరపడుతుండగా అది మునిగిపోయింది, ప్రాణాలు దక్కడమే గొప్ప. ఆ జూలైలో క్రోహర్స్ట్ పడవ సముద్రం మధ్యలో ఖాళీగా దొరికింది. ఆయన లేడు, ప్రయాణం లెక్కలు రాసుకునే లాగ్‌బుక్కులున్నాయి, వాటిలో దొంగ లెక్కలూ ఉన్నాయి, అసలు లెక్కలూ ఉన్నాయి. నాక్స్ జాన్‌స్టన్ తనకొచ్చిన 5,000 పౌండ్ల బహుమతిని క్రోహర్స్ట్ కుటుంబానికి ఇచ్చేశాడు. ఇచ్చినంత మాత్రాన క్రోహర్స్ట్ చెప్పినవి నిజాలైపోలేదు, టెట్లీ పడవ తేలి రాలేదు. యాభై ఏళ్ళు దాటినా సముద్రం మీద తిరిగేవాళ్ళు ఈ మూడు సంగతులూ కలిపే చెప్పుకుంటారు, ఒకటి చెప్పి ఇంకొకటి దాచరు.

మీరు కూడా సభకి ఒక లాగ్‌బుక్కు, ఇంటికి ఒక లాగ్‌బుక్కు పెట్టుకోవద్దని నా సలహా. సభలో అందరిలా పొగిడేసి వచ్చి రాత్రి పడుకోబోయే ముందు అసలు లెక్క రాసుకుంటే మీకు నిద్ర పట్టదు. అలాగని సభని ఇంకో ప్రొటెస్ట్ విచారణ చెయ్యకండి, ఎదుటి పక్షం జవాబు చెప్పలేని విచారణ అది. ఆయన మంచివాడా చెడ్డవాడా అని తేల్చే పని పెట్టుకోకుండా ఏం జరిగిందో చెప్పండి, అంతే. మీ అదృష్టం ఏమిటంటే మీ దగ్గరున్న సంఘటనల్లో మంచీ చెడూ విడదీయలేనట్టు కలిసిపోయి ఉన్నాయి. క్లబ్బులో చేర్పించిన కథే చూడండి, చేసిన మేలూ దెప్పిన దెప్పూ ఒకే నోటి నుంచి వచ్చాయి.

ఫోన్ కాల్ సంగతి తప్పకుండా చెప్పండి. 2018 మే 21న నేవీ తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణి గోవా చేరింది, అంతకు ముందు ఏడాది సెప్టెంబర్ 10న అక్కడి నుంచే బయల్దేరిన ఆరుగురు నేవీ అమ్మాయిలు ప్రపంచం చుట్టి వచ్చారు, వర్తికా జోషి స్కిప్పర్. ఆ ఆరుగురిలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు, మీ స్నేహితుడు 'మన అమ్మాయిలు' అన్నది అందుకే. ఆ మాట పంచుకోవడానికి ఆయనకి ఆ రోజు మీరే గుర్తొచ్చారు. దాన్ని క్షమాపణ కింద లెక్కేసుకోకండి, క్షమాపణలో తప్పు నాది అన్న మాట ఒకటి ఉండాలి, ఇందులో లేదు. ఏదో పొద్దుపోక చేసిన ఫోనని కొట్టిపారెయ్యకండి కూడా. రెండేళ్ళు ముఖం చాటేసిన మనిషి ఆ నంబరు నొక్కడానికి ఎంత బింకం మింగాలో మగవాళ్ళ స్నేహాలు చూసినవాళ్ళకి తెలుసు.

మీకు రాసుకోవడానికి వీలుగా ఒక నమూనా ఇస్తున్నాను, మీ మాటల్లోకి మార్చుకోండి:

"నన్ను ఈ క్లబ్బులోకి తెచ్చింది స్కిప్పర్. కమిటీతో కొట్లాడి తెచ్చాడు, తెచ్చిన సంగతి ముప్ఫై ఏళ్ళు నన్ను మర్చిపోనివ్వలేదు. ఆయనతో వేగడం ఎంత కష్టమో ఇక్కడ సగం మందికి తెలుసు. మేమిద్దరం రెండేళ్ళు మాట్లాడుకోలేదు కూడా. తారిణి గోవా వచ్చిన రోజు ఆయనే ఫోన్ చేసి టీవీ పెట్టమన్నాడు. ఆ ఆదివారం పొద్దున్నే ఎప్పటిలా మా ఇంటి ముందు హారన్ కొట్టాడు, నేను వెళ్ళాను. జూలై గాలిలో ఆయన చుక్కాని పట్టుకుంటే నేను ఏ రోజూ వెనక్కి తిరిగి చూడలేదు."

మొదటి రెండు వాక్యాలకి జనం నవ్వుతారు, నవ్వనివ్వండి, నవ్వు ఆగాకే తర్వాతిది చదవండి. అప్పు మాట సభలో వద్దు, అది మీ శ్రీమతి నగల సంగతి, వాళ్ళబ్బాయి పదిమందిలో వినాల్సిన సంగతి కాదు. రేసు మాట కూడా వద్దు, అక్కడున్నవాళ్ళలో తెలిసినవాళ్ళకి తెలుసు. అజాతశత్రువు అనే మాట మాత్రం పొరపాటున కూడా వాడకండి, కనీసం నలుగురు దగ్గుతారు.

మీ ఆవిడ విషయంలో ఒకటే చెప్తాను. ఆమె కోపం న్యాయమైనది, ఆ కోపాన్ని తగ్గించే పని మీది కాదు. మూడేళ్ళు పెళ్ళిళ్ళకి మెడలో ఏమీ లేకుండానో, గిల్టు నగలతోనో వెళ్ళింది ఆమె, మీరు మాత్రం ఆ మూడేళ్ళూ ఆదివారం ఆదివారం ఆ పడవే ఎక్కారు. బహుశా ఆమెకి స్కిప్పర్ మీద ఉన్నదానికంటే మీ మీద ఎక్కువ ఉంది. సభలో చదవబోయే కాగితం ముందు ఆమెకి చదివి వినిపించండి. పొగడ్త లేదని ఆమెకి అర్థమవుతుంది. సభకి రమ్మని బలవంతం చెయ్యకండి. 'నీ నగలు పెట్టి ఇచ్చే ముందు నిన్ను సరిగ్గా అడగలేదు' అన్న మాట మీ నోటి నుంచి ఇప్పటిదాకా రాకపోయి ఉంటే (అడిగే ఇచ్చారేమో, నాకు తెలియదు) అది కూడా ఇప్పుడు వచ్చేస్తే మంచిది.

డబ్బు. చట్టం ప్రకారం చూస్తే ఆశ పెట్టుకోకండి. నోటు రాయించుకున్నా సరే మామూలుగా మూడేళ్ళలోపు కోర్టుకి వెళ్ళాలి, ఆ గడువులోపు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేసినా, కొంత చెల్లించినట్టు రాతలో ఉన్నా గడువు మళ్ళీ మొదలవుతుంది. మీ దగ్గర ఏ కాగితమూ ఉన్నట్టు లేదు, 2009 నాటి మాట. వారసులు కూడా తండ్రి నుంచి వచ్చిన ఆస్తి మేరకే తండ్రి బాకీకి బాధ్యులు. కాబట్టి మిగిలింది వాళ్ళబ్బాయికి చెప్పాలా వద్దా అన్నదే. నన్నడిగితే ఇప్పుడు వద్దు. సంవత్సరీకం అయ్యాక, మీకింకా అది గొంతులో అడ్డుపడుతుంటే, ఒక్కరే వెళ్ళి 'ఇది నువ్వు తీర్చాలని చెప్పడం లేదు, నాకు తెలిసింది నీకూ తెలియాలని చెప్తున్నా' అనండి. అది చెప్పగలిగేంత నిజంగా మీకు అనిపిస్తేనే సుమా. లోపల ఎక్కడో ఇస్తాడేమో అని ఉంటే వెళ్ళకండి, అతను ఇవ్వకపోతే తండ్రి మీద కోపం కొడుకు మీదికి మారుతుంది.

పడవ దగ్గర ఒక మెలిక ఉంది, జాగ్రత్త. పడవ తీసుకుని, 'పోనీలే, కొంతైనా వసూలైంది' అని మనసులో అనుకున్నారంటే ఆ కుర్రాడిని మీరు మోసం చేసినట్టే. అతను నాన్న గుర్తుగా ఇస్తున్నాడు, మీరు బాకీ కింద పట్టుకుంటున్నారు. ఊరికే ఇచ్చినదాన్ని ఊరికే తీసుకోండి, లేదా వద్దనండి. తీసుకునే పనైతే ముందు రెండు విషయాలు చూసుకోండి. గాలి ట్యాంకులు కారుతున్నాయో లేదో, చుక్కాని బిగించే బందులు తుప్పుపట్టాయో లేదో. ఆ నీలం తెరచాపలు ఈపాటికి సాగిపోయి ఉంటాయి, కొత్తవి కొనాల్సి రావచ్చు, ఈసారి కూడా మీ డబ్బే, కాకపోతే తెలిసి పెడతారు. ఇంకొక షరతు, ఇది నా సొంతం: తీసుకుంటే వెనక కూర్చోండి. క్లబ్బులో నేర్చుకుంటున్న పిల్లల్లో ఒకర్ని క్రూగా ఎక్కించుకోండి, మీ వయసుకి బయటికి వాలే పని వాళ్ళకే మంచిది. మోకాళ్ళు సహకరించకపోతే పడవని ఆ పిల్లలకే ఇచ్చెయ్యమని వాళ్ళబ్బాయికి చెప్పండి. హుస్సేన్ సాగర్‌లో ఇప్పుడు సెయిలింగ్ నేర్చుకుని జాతీయ పోటీలకి వెళ్తున్నవాళ్ళలో బస్తీల పిల్లలు, సర్కారు బడి పిల్లలు చాలామంది ఉన్నారు. 1988లో గుమస్తాకి ఇక్కడేం పని అని గొణిగినవాళ్ళు ఇది చూస్తే ఏమంటారో గానీ, మీకైతే ముచ్చటేస్తుంది.

ఇక ట్రోఫీ. చదవగానే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి, రాసేటప్పుడు మీక్కూడా వచ్చే ఉంటుంది. క్రీడాస్ఫూర్తికి ఆయన పేరు పెడితే అది ఆయనకే మంచిది కాదు, కప్పు ఇచ్చిన ప్రతి ఏడాదీ ఎవడో ఒకడు 2016 కథ తవ్వుతాడు. మీరు సభలో అభ్యంతరం చెప్పకండి, సెక్రటరీతో విడిగా మాట్లాడండి. ఆ ఏడాది కొత్తగా చేరినవాళ్ళలో బాగా నేర్చుకున్నవాళ్ళకి స్కిప్పర్ పేరుతో కప్పు ఇవ్వమనండి. బయటివాడిని లోపలికి తేవడానికి ఆయన కమిటీతో తగువు పెట్టుకున్నది నిజం, దానికి మీరే సాక్ష్యం. ఈ మాటకి ఎవరికీ దగ్గు రాదు. కాకపోతే ఆలస్యం చెయ్యకండి, కప్పు మీద అక్షరాలు చెక్కించాక ఇక కుదరదంటారు, ఈ వారంలోనే ఫోన్ చెయ్యండి. ఎందుకు మార్చాలని సెక్రటరీ గట్టిగా అడిగితే వాదించొద్దు, 2016 విచారణ కాగితాలు క్లబ్బు ఫైల్లో ఉండే ఉంటాయి, ఒకసారి తీసి చూడమనండి చాలు.